భాయ్ ఆడిన పదకొండేళ్లు

అతను ఆడాడు. ముందు ఈ ఒక్క మాట రాసేస్తే తక్కినవి రాయడానికి చెయ్యి వస్తుంది.

పదకొండేళ్లు ఆడాడు. హైదరాబాదులో నాలుగేళ్లు, కలకత్తాలో ఏడేళ్లు, డబ్బు తీసుకుని, అదే బతుకుగా ఫుట్‌బాల్ ఆడాడు. సింగపూర్‌లో మా తరం తెలుగువాళ్లలో చాలామందికి అతనొక జోకు. ఎవరైనా కాస్త గొప్పలకు పోతే, "వీడు కూడా కలకత్తాల ఆడిండురా" అంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా తెలియదు. విని నవ్వుతారు, వాళ్లూ వాడతారు. నాకు తెలుసు. అది నా నోట్లోంచి పుట్టింది.

సింగపూర్ రాకముందు నేను కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. ఊరంతా కంప్యూటర్ల వెంట పడిన రోజులవి. ముప్పై ఏళ్లు నిండాక ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో ఒక మేడ మీద కోబాల్ క్లాసులో చేరాను. శతాబ్దం మారేలోపు పాత ప్రోగ్రాములన్నీ సరిచేయాలి, లేకపోతే కంప్యూటర్లు ఆగిపోతాయి, ఆ కోబాల్ భాష వచ్చినవాడికి పరదేశంలో కుర్చీ ఖాళీగా ఉందని అందరూ చెప్పుకునేవారు. ఆ క్లాసులో నాకంటే పెద్దవాడు అతనొక్కడే. కుర్రాళ్లు అతన్ని అంకుల్ అనేవారు. నన్ను మాత్రం, "నువ్వు అంకుల్ అనకు మియా, నీకే వెంట్రుకలు తెల్లగైనయ్. భాయ్ అను" అన్నాడు.

కొంచెం కుంటుతూ నడిచేవాడు. మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ చేత్తో మోకాలు పట్టుకునేవాడు. నేను హాస్టల్లో ఉంటున్నానని తెలిసిన మర్నాటి నుంచి అతని చేతిలో రెండు డబ్బాలు ఉండేవి. ఒకటి అతనిది, ఒకటి నాది. అతని భార్య, నాకు భాభీ, కట్టిన ఖట్టీ దాల్ అనే పుల్లపప్పు, అన్నం, ఒక్కోరోజు ఖీమా. ఆరు నెలలు తిన్నాను. ఆ డబ్బా ఎప్పుడూ కడగనివ్వలేదు. "నీళ్లు వేస్ట్ చేయకు, ఇంట్ల కడుగుతది" అని లాక్కునేవాడు.

భోజనం చేస్తున్నప్పుడే తన సంగతి చెప్పాడు. లెఫ్ట్ అవుట్ ఆడేవాడట, అంటే మైదానం ఎడమ అంచున పరిగెత్తే ఆటగాడు. కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బు వాళ్లు, సంతకం చేసే రోజుకు ముందు వేరే క్లబ్బు ఎత్తుకుపోకుండా, నాలుగు రోజులు ఒక ఇంట్లో దాచిపెట్టారట. బిర్యానీ, పేకాట, తలుపు బయట ఇద్దరు మనుషులు. సీజనుకింతని గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చేవారట, రసీదు ఉండదు. ఆ సంచులతో టోలిచౌకిలో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. తమ్ముళ్లకు ఆటల సామాన్ల దుకాణం పెట్టించాడు. దుకాణం మూడేళ్లలో మూతపడింది. మోకాలు విరిగాక ఆపరేషన్ల కింద పై అంతస్తు పోయింది, తర్వాత కింది అంతస్తూ పోయింది. అతని ఆట చూసిన ఒక ఇంజనీరు దయతలచి కరెంటాఫీసులో గుమాస్తాగా పెట్టుకున్నాడు. నేను కలిసేనాటికి అతని ఆస్తి ఒక స్కూటరు, ఒక ఎర్ర అట్ట ఫైలు.

నేను ముందు సింగపూర్ వచ్చాను. ఏడాది తర్వాత అతను విజిట్ వీసా మీద, ఉద్యోగం వెతుక్కుందామని వచ్చాడు. బుకిట్ బటోక్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో ఆరుగురం ఉండేవాళ్లం. అతను ఏడోవాడు. ఆ ఫ్లాటులో ఆదివారం మధ్యాహ్నాలు రెజ్యూమెలు వండటం నా పని. వండటం అనే అనేవాళ్లం. హైదరాబాదులో మా రూమ్మేటు బావగారికి ఒక కంపెనీ ఉండేది. కంపెనీ అంటే ఒక బోర్డు, ఒక ఫోను. ఎవరైనా ఆరా తీస్తే ఆయన భార్య ఫోనెత్తి, అవును, ఇక్కడే పనిచేశాడు, చాలా మంచివాడు అని చెప్పేది. మా అందరి అనుభవమూ ఆ బోర్డు కిందే పుట్టింది. నాకు ఎనిమిదేళ్ల అనుభవం ఇచ్చిన ఆ కంపెనీ పుట్టి నాలుగేళ్లే అయింది.

ఆ ఆదివారం అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టుకున్నాను.

"భాయ్, డిగ్రీ అయినకాడికెల్లి ఇప్పటిదాంక ఏంచేసినవో చెప్పు."

"ఆడిన."

"అది కాదు భాయ్."

"అదే కద మియా చేసింది. ఆడిన, మోకాలు పోయింది, కరెంటాఫీసుల కూసున్న."

"ముప్పై ఎనిమిదేండ్లోడు పోయినేడు కోబాల్ నేర్సిండంటే ఎవడు పిలుస్తడు? పన్నెండేండ్ల అనుభవం రాస్తున్న. మన కంపెనీలనే. నేను ఇటు వచ్చేదాంక ఎనిమిదేండ్లు నేను నీ టీమ్ లీడర్."

"నువ్వు నా లీడర్‌వా?" నవ్వాడు. కాసేపు తెర వైపు చూశాడు. "మరి ఆడింది ఏడ రాస్తవ్?"

"రాయం. తీసేస్తున్న."

"పదకొండేండ్లు తీసేస్తే నేనెవర్ని మియా?"

"సీనియర్ అనలిస్ట్‌వి."

మంచం మీద పడుకున్న రూమ్మేటు దుప్పటిలోంచి అన్నాడు, "గోల్‌కీపర్ కంటే జీతం ఎక్కువే భాయ్."

"నేను గోల్‌కీపర్ కాదు. లెఫ్ట్ అవుట్."

"ఏదైతే ఏంది. మాకు క్రికెట్ తప్ప ఏం తెల్వది."

అప్పుడు తన పెట్టెలోంచి ఎర్ర ఫైలు తీశాడు. అంచులకు గుడ్డ పట్టీ కుట్టి ఉంది. ఆడిన రోజుల కాగితాలన్నీ అందులో పెట్టి, ఎవరైనా అడిగితే చూపిద్దామని తెచ్చుకున్నాడు. నేను గబగబా తిరగేశాను. రెజ్యూమె కోసం ఇంకా ఇద్దరు వెనకాల కూర్చుని ఉన్నారు. ఫైలు మూసి, ఇది నీ దగ్గర ఉంటే ప్రమాదం, ఉద్యోగాలిప్పించే ఏజెంటు ఇంటికొచ్చి చూస్తే కథ మొత్తం బయటపడుతుంది, నా దగ్గర ఉంచుతాను, పని కుదిరాక తీసుకో అన్నాను. ఫైలు నా సూట్‌కేసు అడుక్కు వెళ్లింది.

ఇద్దరికీ ఒకే చోట పని కుదిరింది, జురాంగ్ ఈస్ట్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ ఆఫీసులో. అతను పని నిజంగానే నేర్చుకున్నాడు. నాకంటే బాగా చేసేవాడు. తప్పు దొరికేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు. కానీ మా మేనేజరు, యాభై దాటిన స్థానికుడు, చైనీస్ మనిషి, ఫుట్‌బాల్ పిచ్చివాడు. జురాంగ్‌లో ఒక చిన్న క్లబ్బు కమిటీలో ఉండేవాడు. సోమవారం పొద్దున వచ్చీ రాగానే శనివారం ఆట గురించి గంటసేపు మాట్లాడేవాడు. భాయ్ కుర్చీ ఆయన గది తలుపుకు ఎదురుగా. రెండేళ్లపాటు ప్రతి సోమవారం భాయ్ ఆ మాటలన్నీ వింటూ తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి మేనేజరు ఎవరో ఆటగాడి గురించి తప్పు చెప్పాడు. భాయ్ నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకున్నాడు.

భాభీ, ఎనిమిదేళ్ల పాప వచ్చాక అతను మా పక్క బ్లాకులో రెండు గదులు తీసుకున్నాడు. పాప నాలుగు నెలల్లో ఇక్కడి బడి మాటలు పట్టేసింది. భాభీ ఉర్దూలో తిడితే "వెయిట్ లా, అమ్మీ" అనేది. అన్నం తినేటప్పుడు భాయ్ ఉప్పు డబ్బాను, పచ్చడి సీసాను ఆటగాళ్లుగా పెట్టి పాపకు తన గోల్స్ చెప్పేవాడు. అది ఒక్కటే నేను ఆపలేకపోయాను. పాప బడిలో అందరికీ చెప్పుకుంది. ఆటగాడి బొమ్మ వేసి, కింద మా నాన్న ఫుట్‌బాలర్ అని రాసి, ఫ్రిజ్ మీద అంటించింది.

తర్వాత బుడగ పగిలింది. శతాబ్దం మారింది, ఏ కంప్యూటరూ ఆగలేదు, మా పనే ఆగిపోయింది. కాంట్రాక్టు వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, పనిలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరాలు ఇచ్చారు. నా పేరు ఆ జాబితాలో లేదు. అతనిది ఉంది. ఉద్యోగానికిచ్చిన పాసు రద్దయిన రోజు నుంచి ముప్పై రోజుల్లో వేరే పని దొరకాలి, లేకపోతే దేశం విడిచి వెళ్లాలి. కరెంటాఫీసు వాళ్లు సెలవు మించి ఉండిపోయాడని ఎప్పుడో పేరు కొట్టేశారు. ఇల్లు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజుల్లో ఎవరు ఎవరికి రెజ్యూమె పంపినా జవాబు లేదు. భాయ్ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని రైలెక్కి ఎక్కడెక్కడో తిరిగి వచ్చేవాడు. భాభీ పాప బడి బట్టలు ఉతికి, వచ్చే టర్ముకి పనికొస్తాయో లేదో అన్నట్టు చేతుల్లో పట్టుకుని కూర్చునేది.

అప్పుడు నా భయం నాది. శాశ్వత నివాసానికి, పీఆర్ అంటారు, దరఖాస్తు పెట్టుకుని ఉన్నాను. ఆ కాగితాల్లో ఆ బోర్డు కంపెనీ ఇచ్చిన అనుభవ పత్రం ఉంది. భాయ్ పాసు కాగితాల్లో, ఇతను ఎనిమిదేళ్లు నా కింద పనిచేశాడని నా సంతకం ఉంది.

ముప్పై రోజుల్లో ఇరవై గడిచాక ఆఫీసు వాళ్ల ఫ్యామిలీ డే వచ్చింది. ముందే పిలిచిన పిలుపు కాబట్టి అతన్నీ రమ్మన్నారు. ఒక మైదానంలో పిల్లలకు ఆటలు, ఒక పక్కన తిండి. పిల్లలు తన్నిన బంతి దొర్లుకుంటూ కార్నర్ జెండా దగ్గర నిలబడ్డ భాయ్ కాళ్ల దగ్గర ఆగింది. పాప దూరం నుంచి తండ్రిని కేకేసింది, "అబ్బా, కిక్ లా."

అతను నన్ను చూశాడు. నేను వద్దని తలూపాను. తర్వాత పాపను చూశాడు. చెప్పులు విడిచాడు. బంతిని కార్నర్ గీత మీద పెట్టాడు. రెండే అడుగులు వేశాడు, మూడోది మోకాలు వేయనివ్వదు. ఎడమ కాలితో కొట్టాడు. బంతి గోల్ దాటి బయటికి పోతున్నట్టే వెళ్లి, గాలిలో ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి, అవతలి స్తంభం లోపల పడింది. పిల్లలు గోల చేశారు. మేనేజరు చేతిలో సాటే, కాల్చిన మాంసం గుచ్చిన పుల్ల, అలాగే ఉంది. దగ్గరికి వచ్చి "అగైన్" అన్నాడు. భాయ్ ఇంకా మూడు కొట్టాడు. రెండు లోపల పడ్డాయి.

"యూ ప్లే వేర్?" అన్నాడు మేనేజరు.

భాయ్ వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. పాప చెప్పింది, "కల్కటా."

సోమవారం మధ్యాహ్నం మేనేజరు మమ్మల్ని జురాంగ్ ఈస్ట్‌లో హాకర్ సెంటరుకు, అంటే తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి, రమ్మన్నాడు. భాభీ ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందేమోనని ఓనరుతో మాట్లాడటానికి వెళ్లింది, బడి సెలవులు, అందుకని భాయ్ పాపను వెంట తెచ్చాడు. మేనేజరు ముందే, ఇక్కడి అలవాటు ప్రకారం, టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల ఆపి ఉంచాడు. భాయ్ కోసం హలాల్ దుకాణం నుంచి నాసి బిర్యానీ తనే మోసుకొచ్చాడు.

విషయం సూటిగా చెప్పాడు. క్లబ్బులో పిల్లలకు కోచ్ కావాలి. కమిటీలో తను మాట్లాడతాడు. పాసు సంగతి క్లబ్బు చూసుకుంటుంది. కానీ ఆడాడని ఏదో ఒక కాగితం కావాలి. "న్యూస్‌పేపర్, సర్టిఫికెట్, ఎనీథింగ్ ఆల్సో కెన్" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు ఎనిమిదేళ్లు అతని లీడర్‌వి కదా. నీకు తెలియకుండా ఉండదు. ఆడాడా?"

నన్ను అక్కడికి ఎందుకు పిలిచాడో అప్పుడు అర్థమైంది. నేను వండిన కాగితమే నన్ను సాక్షిగా కూర్చోబెట్టింది. ఆ కాగితం ప్రకారం అతను కలకత్తాలో గోల్స్ కొట్టిన చివరి మూడేళ్లు హైదరాబాదులో నా పక్కన కూర్చుని కోబాల్ రాస్తున్నాడు. ఆడాడంటే ఆ ఆఫీసు లేదు, ఆ కంపెనీ లేదు, నేనూ లేను. మేనేజరు మంచివాడే. అన్నీ చెబితే ఏం చేసేవాడో నాకు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు. ఆయన ఏం చేస్తాడో చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఎర్ర ఫైలు అక్కడికి ఒక్క స్టేషన్ దూరంలో, నా మంచం కింద సూట్‌కేసులో ఉంది.

"ఎక్కడ సార్," అన్నాను. "ఇద్దరం ఒకే ఆఫీసు. రోజూ ఎనిమిదింటిదాకా పని. గల్లీలో ఆడి ఉంటాడు. మావాళ్లకు గొప్పలు చెప్పుకోవడం అలవాటు. పాప ముందు ఏదో అంటుంటాడు."

నవ్వాను కూడా. ఆ నవ్వు నాకు గుర్తుంది.

మేనేజరు భాయ్‌ని చూశాడు. భాయ్ పళ్లెం వైపు చూస్తున్నాడు. చెంచాతో అన్నాన్ని ఒక పక్కకు తోశాడు, మళ్లీ ఇటు తోశాడు. అతను ఒక్క మాట అంటే చాలు. ఫైలు ఎక్కడుందో అతనికి తెలుసు. తలెత్తి ఇంగ్లీషులోనే అన్నాడు, "యెస్ బాస్. స్ట్రీట్ ఓన్లీ. టైమ్‌పాస్."

పాప నిమ్మరసం గ్లాసులోంచి స్ట్రా తీసింది.

"అబ్బా, యూ బ్లఫ్ మీ ఆ? ఐ టోల్డ్ మై హోల్ క్లాస్."

అతను టిష్యూ తీసుకుని బల్ల మీద ఏమీ లేని చోట తుడిచాడు.

మేనేజరు లేస్తూ లేస్తూ, గల్లీలో ఆడినవాడు బంతిని అలా తిప్పలేడే అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. నా వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు. "నో పేపర్, కెనాట్ లా" అని భాయ్ భుజం తట్టి వెళ్లిపోయాడు.

రైలు స్టేషనుకు నడిచాం. పాప మాకంటే పది అడుగుల ముందు, వెనక్కి చూడకుండా నడుస్తోంది. భాయ్ కుంటుతూ నా పక్కన.

"నీ పీఆర్ ఎప్పుడొస్తది?" అన్నాడు.

"తెల్వది భాయ్."

"రానీ." రోడ్డు దాటాక అన్నాడు, "నీ పని అయినంక నా బిడ్డకు ఒక్కపారి చెప్పు. నేను చెప్తే ఇగ నమ్మది. ఫైలు నీకాడ్నే ఉండనియ్. నా పెట్టెల ఉంటే నేను ఆగలేను, చూపిస్త. చిన్నపిల్ల, నలుగురికి చెప్తది. నీకు కష్టమైతది."

"అట్లనే భాయ్" అన్నాను.

అతను నాకోసం నోరు మూసుకున్నాడని అప్పుడు నాకు పూర్తిగా తెలుసు. తెలిసి ఏం చేశానో చెప్పాలి.

మూడోరోజు పొద్దున మా ఫ్లాటులో ఒక పుకారు దిగింది. చోవా చూ కాంగ్‌లోనో ఎక్కడో దొంగ అనుభవాలతో వచ్చినవాళ్ల ఇళ్లు సోదా చేస్తున్నారని. అబద్ధమో నిజమో ఎవరూ కనుక్కోలేదు. రూమ్మేట్లు బోర్డు కంపెనీ కాగితాలు చించేయడం మొదలుపెట్టారు. నేను సూట్‌కేసు తెరిచాను. నా కాగితాలు చించలేను, అవి దరఖాస్తులో ఉన్నాయి. చేతికి ఎర్ర ఫైలు తగిలింది. నేను వండిన కాగితాలన్నీ అబద్ధమని చెప్పగలిగిన నిజం ఆ ఇంట్లో అదొక్కటే. వంటింట్లో చెత్త వేసే గొట్టం మూత తీశాను. ఫైలు వెడల్పు ఎక్కువై పట్టలేదు. మధ్యకు మడిచాను. గుడ్డ పట్టీ చిరగలేదు, గట్టిగా కుట్టారు. మోకాలి మీద పెట్టి ఇంకోసారి మడిచి తోశాను. తొమ్మిది అంతస్తులు గోడలకు కొట్టుకుంటూ కిందికి పోయింది. కింద పడిన చప్పుడు వినకముందే మూత వేశాను.

రెండు రోజుల తర్వాత చాంగీ ఎయిర్‌పోర్టులో భాభీ నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. ఖట్టీ దాల్. "కడగక్కర్లేదు, ఉంచుకో భయ్యా" అంది. పాప నాకు బై చెప్పింది, తండ్రి చెయ్యి పట్టుకోలేదు. భాయ్ లోపలికి వెళ్తూ ఆగి అడిగాడు, "ఫైలు భద్రమేనా మియా?"

"భద్రమే భాయ్."

నాలుగు నెలల్లో నా పీఆర్ కాగితం వచ్చింది. పాపకు చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాలి. ఇంకొన్నాళ్లు పోనీ అనుకున్నాను. పెళ్లయింది, ఇంకొన్నాళ్లు. పౌరసత్వం, పిల్లలు, ఇల్లు, ఇంకొన్నాళ్లు. ఈలోగా హాకర్ సెంటరులో నేనన్న మాట రూమ్మేట్లకు నేనే చెప్పుకుని ఉన్నాను, నవ్విస్తూ. వాళ్లు ఇంకొకళ్లకు చెప్పారు. అలా అతను జోకయ్యాడు. మొదట్లో భాయ్ పండగలకు ఫోన్ చేసేవాడు. కుశలం అడిగేవాడు, ఏదో బడిలో కాపలా ఉద్యోగం అని చెప్పేవాడు. ఫైలు గురించి మాత్రం ఎప్పుడూ అడగలేదు. తర్వాత నేనే ఫోన్ ఎత్తడం మానేశాను.

పోయిన నెల పాప వచ్చింది. పాప అనకూడదు, ముప్పై దాటిన మనిషి. ఏదో ట్రైనింగుకని వారం రోజులు వచ్చి, ఎవరినో అడిగి నా నంబరు పట్టుకుంది. సెరంగూన్‌లో మా ఇంటికి వచ్చి సోఫా అంచున కూర్చుంది. మాటలో ఇక్కడి వాసన ఏమీ మిగల్లేదు, పూర్తిగా హైదరాబాదు. నా భార్య టీ తెచ్చింది.

"అబ్బాకు రెండేండ్ల కింద పక్షవాతం వచ్చింది అంకుల్. నడుస్తడు. మాట రాదు."

నేను ఏదో అన్నాను.

"పాత ఆటగాళ్లకు పింఛన్ ఇస్తున్నరంట. ఏ క్లబ్బు, ఏ సంవత్సరం, రుజువు కావాలన్నరు. అమ్మీ రోజూ ఒకటే మాట, ఫైలు సింగపూర్ల మీ అంకుల్ కాడ ఉంది, భద్రంగ పెట్టిండు, పోయి తీస్కరా అని." కప్పు తిప్పుతూ అంది. "నిజం చెప్తున్న, నేను నమ్మలె. ఫైలే లేదని నాకు తెలుసు. మీరు లేదంటే అమ్మీకి అదే చెప్త. అందుకే వచ్చిన."

"ఎందుకు నమ్మలేదు?"

"ఆ రోజు నేను అక్కడ్నే ఉన్న కద అంకుల్. మీరే చెప్పిన్రు కద."

అప్పుడు చెప్పాను. రెజ్యూమె నుంచి మొదలుపెట్టి గొట్టం మూతదాకా. నా భార్య పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. ఆమెకూ ఇది తెలియదు. ఆ పిల్ల అంతా అయ్యాక అడిగింది.

"మీరు అబద్ధం చెప్తున్నరని అబ్బాకు తెలుసు."

"తెలుసు."

"మరి ఇంటికి పోయినంక నాకెందుకు చెప్పలె?"

"నేను చెప్తానని మాటిచ్చాను. దానికోసం ఆగాడు."

ఆమె కిటికీ వైపు చూసింది. "మా ఇంట్ల ఆనాటికెల్లి ఫుట్‌బాల్ అన్న మాట లేదు. ఒకపారి టీవీల వస్తుంటే నేను కావాలని పెట్టిన. ఎట్ల చెప్తవో చెప్పు అన్నట్టు. ఆయన లేచి పోయి బయట కూసున్నడు. నాకు కోపం వచ్చింది, అబద్ధం చెప్పిందిగాక మళ్ల అలుగుడెందుకని. ఆయన మాట పోయినప్పుడు కూడ..." ఆపేసింది. ఏడవలేదు. బ్యాగులోంచి ఫోను తీసింది. "సరే. ఫైల్ల ఏమున్నయో చెప్పున్రి. రాసుకుంట. మీకు తప్ప ఎవరికి తెల్వది ఇప్పుడు."

నేను కళ్లు మూసుకున్నాను. ఒక ఫొటో. బురదలో జట్టు, కింది వరసలో ఎడమ నుంచి మూడోవాడు అతను, ఒక్క కాలికే ప్యాడు కట్టుకుని ఉన్నాడు. ఒక ఇంగ్లీషు పేపరు ముక్క. వానలో కార్నర్ నుంచి నేరుగా గోల్ కొట్టిన వార్త. చదువురాని మనిషి, భాయ్ వాళ్ల నాన్న, ఎవరినో అడిగి పేరు ఎక్కడుందో చూపించుకుని చుట్టూ ఆకుపచ్చ సిరాతో గీసిన సున్నా. క్లబ్బు వాళ్ల ఉత్తరం ఒకటి. రైలు ఛార్జీలు, ఉండటానికి గది, రోజుకు రెండు గుడ్లు, లీటరు పాలు అని టైపు చేసి ఉంది.

ఆమె రాసుకుంది. "ఏ సంవత్సరం?"

"చూడలేదు."

"క్లబ్బు పేరు ఉత్తరం మీద ఉంటది కద."

"ఉండే ఉంటుంది."

"ఇంకా?"

ఇంకా చాలా ఉన్నాయి. ఫైలు మందంగా ఉండేది, రెండు చేతులతో మడవాల్సి వచ్చింది. పదకొండేళ్లు. ఆ ఆదివారం నేను వేగంగా తిరగేశాను, వెనకాల ఇద్దరు కూర్చుని ఉన్నారని. అతను ఒక్కో పేజీ దగ్గర ఆగి ఏదో చెప్పబోతే, తర్వాత చూద్దాం భాయ్ అన్నాను.

"ఇంకా అంకుల్?" అంది. ఫోను మీద వేలు అలాగే పెట్టుకుని ఉంది.

నాకు ఆ మూడే గుర్తున్నాయి.